కాణిపాకం బావి కథతో చిన్న గేమ్ చేశాం. రెండో లెవల్‌లో సౌండ్ పోయిందని అందరూ ఆపేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి)

అందరికీ నమస్కారం. పోయిన శని, ఆదివారాల్లో మా కాలేజీలో 48 గంటల గేమ్ జామ్, అంటే ఆ గడువులోపు గేమ్ చేసి ఇవ్వాల్సిన పోటీ, జరిగింది. నేను కోడ్ రాశాను, నా క్లాస్‌మేట్ బొమ్మలు వేసింది. గేమ్ పేరు 'కాణి'. ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది, ఫోన్ బ్రౌజర్‌లోనే ఆడొచ్చు.

కథ మన జిల్లాల వాళ్లకి తెలిసిందే. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు, ఒకరికి మాట రాదు. బావి నీళ్లతో కాస్త పొలం సాగు చేసుకునేవాళ్లు. బావి ఎండిపోతే ఒకరు దిగి తవ్వారు. గడ్డపార రాయికి తగిలి రక్తం వచ్చింది, నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు తాకగానే ముగ్గురికీ బాగైంది. అలా వెలసినవాడే వరసిద్ధి వినాయకుడు. చిన్నప్పుడు చవితి ఉత్సవాలకి మా అమ్మ నన్ను తీసుకెళ్లేది. గర్భగుడిలో స్వామి చుట్టూ ఉండే బావి నీళ్లు కనిపించాలని మునివేళ్ల మీద నిలబడేవాణ్ణి. గేమ్ చేస్తే ఈ కథే చేయాలని అప్పటి నుంచీ మనసులో ఉంది.

ఇందులో ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని ఆడించాలి. మొదట చూపు లేని పెద్దన్న. స్క్రీన్ అంతా నలుపు, గిలక చప్పుడుని బట్టి బావి దగ్గరికి చేరాలి. తర్వాత వినపడని నడిపివాడు పొలంలో నీళ్లు పారగడతాడు. గట్టు ఎక్కడైనా తెగితే నీళ్ల చప్పుడు రాదు కాబట్టి ఎప్పటికప్పుడు తిరిగి చూసుకోవాలి. చివరిగా మాట రాని చిన్నవాడు బావి లోపల ఉంటాడు. 'మాట్లాడు' అని బటన్ ఉంటుంది, నొక్కితే నోరు తెరుచుకుంటుంది, అంతే. తాడుని రెండుసార్లు లాగితేనే పైవాళ్లకి తెలుస్తుంది. ఇది చాలామందికి నచ్చింది.

సమస్య రెండో లెవల్‌తోనే. వచ్చిన పదకొండు కామెంట్లలో ఆరు 'సౌండ్ పోయింది, బగ్ ఉంది' అనే. ఇద్దరు అక్కడే ఆపేశారు. దీనికి కొంత కారణం నేనే. మనం స్క్రీన్‌ని ఒకసారి ముట్టుకునేదాకా బ్రౌజర్లు శబ్దం రానివ్వవు. ఆ సంగతి మరిచిపోయి గేమ్‌ని నేరుగా మొదటి లెవల్‌తో మొదలుపెట్టాను. దాంతో కొందరికి నల్ల స్క్రీన్, పైగా శబ్దం లేదు. అక్కడే నమ్మకం పోయాక రెండో లెవల్‌లో నిశ్శబ్దం కావాలని పెట్టిందని ఎవరు అనుకుంటారు? ముందు 'మొదలుపెట్టు' బటన్ పెట్టి దాన్ని సరిచేశాను. అయినా ఆ కామెంట్లు ఆగలేదు.

'ఇతనికి వినపడదు' అని స్క్రీన్ మీద రాసేయమంటున్నారు స్నేహితులు. నాకు మనసు ఒప్పట్లేదు. ఆడేవాళ్లకి అది తమంతట తాము తెలియాలి.

ఇంకో మాట. చివర్లో ముగ్గురికీ బాగవడం తీసేయమని ఒకరు రాశారు. అది స్థలపురాణం, నేను మార్చగలనా? మీరేమంటారు?

జవాబు 1 (చిత్తూరు)

బాబూ, మనవడి ఫోన్‌లో మూడు లెవల్సూ ఆడాను. రెండోది మూడుసార్లు ఓడిపోయి గెలిచాను.

మీరు గిలక బావి వేశారు. ఈ కథలో ఉన్నది ఏతాం, అంటే పొడవాటి మానుకి బొక్కెన కట్టి బావి నీళ్లు తోడేది. గిలక బావిలో ఒక్క మనిషి చేదుకుంటే చాలు, ముగ్గురికి పనేముంది? ఏతానికైతే ముగ్గురూ కావాలి. ఒకరు మాను మీద ముందుకీ వెనక్కీ నడవాలి. ముందుకి నడిస్తే బొక్కెన బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే నీళ్లతో పైకి లేస్తుంది. ఒకరు గట్టు మీద నిలబడి దాన్ని ముంచి కాలవలోకి కుమ్మరించాలి. ఇంకొకరు పొలంలో మడవ తిప్పాలి. మా తాత మాను మీద నడిచిన మనిషి. ముసలితనంలో కూడా ఇంట్లో నడుస్తుంటే అరికాలు ముందు తడిమి చూసి, తర్వాత బరువు వేసేవాడు. మాను మీద అలా నడవకపోతే కింద పడతారు. మీ పెద్దన్న నడకలో అది పెట్టండి, చూపు లేని మనిషికి అచ్చంగా సరిపోతుంది.

ఇంక మీ ప్రశ్నకి. ఏతాం దగ్గర పాట లేకుండా పని జరగదు. ఎన్ని బొక్కెనలు తోడారో పాటతోనే లెక్క. 'ఏతాం పాటకు ఎదురుపాట లేదు' అని ఊరికే అన్నారా? మొదటి లెవల్‌లో ఆ పాట వినిపించండి, దాన్ని పట్టుకునే పెద్దన్న బావి దగ్గరికి వస్తాడు. రెండో లెవల్‌లో అదే మనిషి మాను మీద అదే పాట పాడుతూ కనిపించాలి. నోరు కదులుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, పాట మాత్రం ఉండదు. అప్పుడు బగ్ అని ఒక్కరూ అనరు. ఎవరికి వినపడటం లేదో వాళ్లకే తెలుస్తుంది.

ముగింపు జోలికి పోవద్దు. కాణిపాకంలో ప్రమాణం చేయమంటే అబద్ధం ఆడేవాడు కూడా వెనక్కి తగ్గే నేల ఇది. ఆ స్వామి కథని మన ఇష్టానికి మార్చకూడదు.

జవాబు 2 (కొర్లగుంట, తిరుపతి)

అన్నా, నాకు పుట్టినప్పటి నుంచి వినపడదు. నీ గేమ్ నిన్న రాత్రి ఆడాను.

మొదటి లెవల్ నేను దాటలేదు. నల్ల స్క్రీన్ మీద ఇరవై నిమిషాలు వేలు తిప్పాను. చివరికి మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు విని నా మోచేతిని ఎటు తోస్తే అటు వెళ్లాను. అలా దాటాక రెండో లెవల్ వచ్చింది. దాన్ని ఒక్కసారికే గెలిచాను. గట్టు తెగకముందే మట్టి రంగు ముదురుతుంది, చూశావా? మీ క్లాస్‌మేట్ ఎంత బాగా వేసింది! మా తమ్ముడికి అది కనిపించనే లేదు, నాలుగుసార్లు ఓడాడు. ఏ గేమ్‌లోనైనా వాడికంటే నేను ముందుండటం ఇదే మొదటిసారి. అందుకే రెండో లెవల్‌లో ఏమీ రాయొద్దు. పెద్దాయన చెప్పిన నోటి కదలిక చాలు. నేను రోజూ మనుషుల్ని చూసేది అలాగే.

మొదటి లెవల్ నాలాంటి వాళ్లకి కూడా తెరువు. పెద్దన్నకి చూపు లేదు, చేతులున్నాయి కదా. మూడో లెవల్‌లో తాడు లాగితే పైవాళ్లకి తెలుస్తుందన్నావు. మరి పెద్దన్న చేతికి కూడా తాడు ఇవ్వు. బావి దగ్గరపడే కొద్దీ ఫోన్ వైబ్రేట్ అవ్వాలి. వినగలిగేవాళ్లు పాట వింటారు, నేను తాడు పట్టుకుని వస్తాను.

ముగింపు గురించి అడిగావు. మా అమ్మ నన్ను కాణిపాకానికి చాలాసార్లు తీసుకెళ్లింది, ఎందుకో నాకు తెలుసు. ఆ కథ మీద నాకు కోపం లేదు. నాకు బాధ అనిపించింది వేరే. ముగ్గురికీ బాగవగానే స్క్రీన్ తెల్లగా అయిపోయి అలాగే ఉండిపోయింది. ఫోన్ హ్యాంగ్ అయిందేమో అని బటన్ నొక్కబోయాను. అప్పుడు నాదస్వరం వస్తోందని తమ్ముడు చేత్తో చూపించి చెప్పాడు. వినపడని నడిపివాడికి వినపడిన ఆ క్షణం నాకు మాత్రం తెల్ల కాగితం.

గేమ్‌కి కాణి అని పేరు పెట్టావు, కాణి ఎక్కడ అన్నా? ఊరివాళ్లు వచ్చి కొబ్బరికాయలు కొడితే ఆ నీళ్లు ఎకరంపావు, అంటే కాణి మేర పారాయనీ, ఆ కాణిపారకమే కాణిపాకం అయిందనీ కదా చెబుతారు. రెండో లెవల్‌లో మడవలు మడవలుగా నేను తడిపిన ఆ పొలమే చివర్లో ఒక్కసారిగా నిండాలి. అది చూపించు. నాదస్వరం కూడా ఉంచు, తమ్ముడికి బాగా నచ్చింది.

జవాబు 3 (పలమనేరు)

పై సలహా బాగుంది, కానీ ఒక చిక్కు. బ్రౌజర్ నుంచి వైబ్రేషన్ ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కి పనిచేస్తుంది, ఐఫోన్ సఫారీలో రాదు. వాళ్ల కోసం వేలు పెట్టిన చోట జానెడు తాడు మాత్రం కనిపించి వణికేలా చేయండి, మిగతాదంతా నలుపే ఉంచండి.

ఇంకొకటి, మొదటి స్క్రీన్‌లో 'వరసిద్ధి' అన్న మాటలో ఒత్తు విడిపోయి పక్కన పడుతోంది. గేమ్ చేయడానికి గోడో 3 సాఫ్ట్‌వేర్ వాడారా? అందులో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చోవు. 2023లో వచ్చిన గోడో 4 నుంచి ఆ ఇబ్బంది లేదు. స్వామి పేరే తప్పుగా కనిపిస్తే మన ఊళ్లో మొదట అదే చూస్తారు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. అవును, గోడో 3నే. కాలేజీ ల్యాబ్‌లో అదే ఉంది. నిన్నంతా కూర్చుని ప్రాజెక్ట్‌ని 4కి మార్చాను, ఒత్తు సరిగ్గా కూర్చుంది.

జామ్ రేటింగ్ అయ్యేదాకా బగ్‌లు తప్ప ఏమీ మార్చకూడదని రూల్. అందుకని జామ్‌కి ఇచ్చిన గేమ్‌ని అలాగే వదిలేసి వేరేది మొదలుపెట్టాను. మొదటి లెవల్‌లో తాడు వచ్చేసింది. సౌండ్ పూర్తిగా తీసేసి, కళ్లు మూసుకుని ఆడాను. బావి రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు ఫోన్ అరచేతిలో గట్టిగా కొట్టుకుంది, నిజంగా అవతల ఎవరో పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. ఈ తాడు నాకు మొదటే తట్టాల్సింది. ఒక్క తమ్ముడికి ఇచ్చి మిగతా ఇద్దరికీ ఇవ్వలేదు.

చెల్లీ, నువ్వు రాసింది నా క్లాస్‌మేట్‌కి చదివి వినిపించాను. మట్టి రంగు దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఆ రంగు కోసం ఆదివారం తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చుంది, ఇన్ని కామెంట్లలో దాని గురించి రాసింది నువ్వొక్కదానివే. ముగింపులో కొబ్బరినీళ్లు పారే పొలం ఇప్పుడు గీస్తోంది. శుక్రవారానికి అవుతుంది. ఈసారి తమ్ముడి సాయం లేకుండా మొదటి లెవల్ ఆడి, ఎక్కడ ఆగావో చెప్పు.

పెద్దాయనా, ఏతాం మాను మీద నడక నాకు ఇంకా రావట్లేదు, బొమ్మ గెంతుతున్నట్టు ఉంది. మీ తాతగారు పాడిన పాటలో ఒకట్రెండు చరణాలైనా మీకు గుర్తుంటే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వస్తాను. ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. ఆ నడక కూడా ఒకసారి వేసి చూపించండి.