అండాశయంలో సిస్ట్ (నీటి బుడగ) పగిలాక గర్భం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అక్కలూ, నాకు 27 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర. పోయిన గురువారం బట్టలు ఆరేస్తుంటే పొత్తికడుపులో కుడివైపు కత్తితో పొడిచినట్టు నొప్పి. బకెట్ పక్కనే కూలబడిపోయాను. అండాశయంలో 5 సెంటీమీటర్ల సిస్ట్ పగిలిందని, లోపల కొద్దిగా రక్తం చేరిందని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు, అదే ఇంకిపోతుందన్నారు. కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. 6 వారాలకు మళ్లీ స్కానింగ్.

నెలసరితో వచ్చే మామూలు సిస్టయితే పిల్లలకు అడ్డు కాదట. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం) వల్ల వచ్చే చాక్లెట్ సిస్టయితే ఇబ్బంది ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పారు. అప్పటినుంచి అదే టెన్షన్, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు. ఇలా పగిలాక మీలో ఎవరికైనా గర్భం నిలిచిందా? ఎన్ని నెలలు ఆగారు? ఏఎంహెచ్ పరీక్ష (అండాలు ఎన్ని మిగిలాయో అంచనా వేసే రక్తపరీక్ష) ఇప్పుడే చేయించుకోవాలా? దయచేసి చెప్పండి.