ఫోటోకి వెలుతురు కొలిచే పాత లైట్ మీటర్ కొన్నాను, సూది కదులుతోంది, నమ్మొచ్చా?

జీరో_సూది:
మొన్న జుమ్మేరాత్ బజార్‌లో వెస్టన్ మాస్టర్ 2 కనిపించింది. పన్నెండొందలు చెప్పి ఏడొందలకి దిగాడు. బ్యాటరీ అక్కర్లేని సెలీనియం మీటరు, వెలుతురు పడితే లోపలి సెలే కరెంటు పుట్టిస్తుంది. ఆకాశం వైపు తిప్పగానే సూది లేచింది, ఇక ఆగలేక కొనేశాను. ఇంటికొచ్చి ఫోన్ యాప్‌తో పోలిస్తే లెక్క కలవడం లేదు. ఏడొందలూ పోయినట్టేనా?

తెనాలి_స్టూడియో:
సూది లేచిందంటే ఆ సెలీనియం సెల్ బతికుందని మాత్రమేనండీ, ఎంత బతికుందో చూడాలి. ముందు సెల్‌కి అస్సలు వెలుతురు తగలకుండా మూయండి. సూది సున్నాకి రాకపోతే చిన్న స్క్రూ తిప్పి సరిచేయొచ్చు. తర్వాత ఎండపడే గోడ, నీడలో గోడ, గది లోపలి గోడ, మూడింటినీ ఫోన్‌తో పోల్చండి. మూడుచోట్లా తేడా ఒకటే అయితే మీటరు మీద పెట్టే ఫిలిం స్పీడ్ (ఫిలిం వెలుతురుకి ఎంత చురుకో చెప్పే అంకె) మార్చుకుని వాడేయొచ్చు. చోటుకో తేడా వస్తే షోకేసుకే.

ఇంకోటి, మాస్టర్ 2 మీద ఉండేది ఫిలిం డబ్బా మీద రాసే ఏఎస్ఏ స్పీడ్ కాదు, వెస్టన్ వాళ్ల సొంత నంబరు. 200 ఫిలింకి 160 పెట్టాలి. గదిలో చూసేటప్పుడు వెనక చిల్లుల మూత తెరవడం మర్చిపోకండి.

నీలం_స్టిక్కర్:
నాది గోసెన్ లూనాసిక్స్ 3, బ్యాటరీతో నడిచే మీటరు. తక్కువ వెలుతురులో సెలీనియం దీని ముందు దిగదుడుపే. చిక్కంతా బ్యాటరీ సెల్స్‌తోనే. దీనికి 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్స్ కావాలి, అవి ఇప్పుడు రావు. 1.5 వోల్టులవి వేసుకుని అరకు వెళ్లాను. మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు చూపించింది, దాన్ని నమ్మి తీస్తే ఫిలింకి వెలుతురు చాలక రోల్ మొత్తం నెగటివ్‌లు పల్చగా వచ్చాయి. ఇప్పుడు చెవి మిషన్‌లో వేసే 675 సెల్స్ వాడుతున్నా, దాదాపు 1.4 వోల్టులు. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి. ఒకసారి పీకితే వాడినా వాడకపోయినా కొన్ని వారాలకే ఆరిపోతాయి. మొదటి జత మా తాతయ్య డబ్బాలోంచి కొట్టేశాను, ఆయనకింకా చెప్పలేదు.

తెనాలి_స్టూడియో:
హహ్హ. మీటరు మంచిదైనా చూపించే చోటు తప్పితే అంతే సంగతులు. కొత్తలో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తెల్లపంచె మీద రీడింగ్ తీసుకున్నాను. మీటరు తెలుపుని కూడా బూడిదరంగు అనుకుంటుంది కదా, ముఖం నల్లగా వచ్చింది. మా నాన్నగారు ఏమీ అనలేదు, ప్రింటు తెచ్చి నా ముందు పెట్టారు. అప్పటినుంచి అరచేతి మీద చూసి ఒక స్టాప్ తెరుస్తాను, అంటే వెలుతురు రెట్టింపు రానిస్తాను. సెకోనిక్ ఎల్-398 మీటరు దొరికితే ఈ బాధ లేదు, అది మనిషి మీద పడే వెలుతురునే కొలుస్తుంది. దాని మీదుండే తెల్లటి గుండ్రటి బుడిపెని ముఖం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే చాలు.

జీరో_సూది:
చూశానండీ. ఎండలో ఒక స్టాప్ తక్కువ, నీడలోనూ ఒకటే. గదిలో మూత తెరిచినా రెండున్నర తక్కువ! 160 బదులు 320 పెట్టి బయట మాత్రమే వాడతాను. గదిలోకి ఫోనే. నీలం_స్టిక్కర్ గారూ, మీ లూనాసిక్స్ అమ్ముతారా?

నీలం_స్టిక్కర్:
అమ్మను. తాతయ్య సెల్స్ మాత్రం కొనిపెట్టాలి.