పీఐ3కే ఎంజైమ్‌ను ఆపే మందులు: లాభమా, షుగర్ కొని తెచ్చుకోవడమా?

వాన_చినుకు:
హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్‌లో దాదాపు 40 శాతం మందికి పీఐ3కే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు మారి ఉంటుంది. కణానికి ‘పెరుగు’ అని చెప్పే ఎంజైమ్ అది. జన్యువు మారితే ఇక ఆగకుండా చెబుతూనే ఉంటుంది. దాన్ని ఆపే అల్పెలిసిబ్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ట్రయల్‌లో జబ్బు ముదరకుండా ఆగిన కాలం 5.7 నెలల నుంచి 11 నెలలకు పెరిగింది. ఆయుష్షులో తేడా మాత్రం గణాంకాల పరీక్షకు నిలవలేదు. పైగా నలుగురిలో ఒకరు దుష్ఫలితాల వల్ల మందు మానేశారు. దీన్ని విజయం అంటారా?

మైక్రోస్కోప్:
అంటాను. ముదిరిన జబ్బులో ఆ ఐదు నెలలంటే కీమో అయిదు నెలలు వెనక్కి జరిగినట్టే.

రాత్రిడ్యూటీ:
కీమో వెనక్కి జరిగింది సరే, షుగర్ ముందుకొచ్చింది కదా! మూడో వంతుకు పైగా రోగుల్లో అది తీవ్రంగా పెరిగింది. ఇదేదో పొరపాటున వచ్చిన దుష్ఫలితం కాదు. ఇన్సులిన్ మాట కణం లోపలికి చేరేది కూడా ఈ ఎంజైమ్ ద్వారానే. దాన్ని ఆపగానే కాలేయం గ్లూకోజ్ వదులుతుంది, క్లోమం ఇన్సులిన్ గుమ్మరిస్తుంది. ఆ ఇన్సులిన్ మళ్లీ కణితిలో అదే ఎంజైమ్‌ను తట్టి లేపుతుంది. ఎలుకల్లో 2018లోనే చూపించారు: ఇన్సులిన్ పెరగకుండా ఆహారం మారిస్తే మందు బాగా పనిచేసింది. అంటే ముందు గాలిపంపు తీసేయకుండా నిప్పు మీద నీళ్లు చల్లుతున్నాం.

మైక్రోస్కోప్:
పోలిక బాగుంది, కానీ పాత మందు దగ్గరే ఆగిపోయారు. 2024లో ఇనవోలిసిబ్ అనే కొత్త పీఐ3కే మందు వచ్చింది. పాల్బోసిక్లిబ్, ఫుల్వెస్ట్రాంట్ అనే రొమ్ము క్యాన్సర్ మందులకు దాన్ని జోడిస్తే జబ్బు ముదరకుండా ఆగిన 7.3 నెలలు కాస్తా 15 అయ్యాయి. ఆయుష్షు కూడా 27 నుంచి 34 నెలలకు పెరిగింది. ఈసారి తేడా గణాంకాల్లోనూ నిలబడింది.

రాత్రిడ్యూటీ:
ఆ ట్రయల్‌లోకి ఎవరిని తీసుకున్నారో కూడా చెప్పండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 శాతం లోపు ఉన్నవాళ్లనే! షుగర్ ఉన్న రోగి సంగతేంటి?

వాన_చినుకు:
నా అసలు సందేహం ఇదే. ఇన్సులిన్ వాడుతున్నవారికి ఏ పీఐ3కే మందైనా ఇస్తారా?

మైక్రోస్కోప్:
వాళ్లకు ఏకేటీ అనే మరో ఎంజైమ్‌ను ఆపే కాపివాసెర్టిబ్ మందు చూడొచ్చు. ఏకేటీ అదే దారిలో పీఐ3కేకు ఓ మెట్టు కింద ఉంటుంది, ఈ మందును నాలుగు రోజులు వేసి మూడు రోజులు ఆపుతారు. షుగర్ గొడవ తక్కువ, విరేచనాలు ఎక్కువ. ఇన్సులిన్ మీదున్నవారికైతే దానికీ జాగ్రత్త తప్పదు, ఒప్పుకుంటాను.