ఆన్‌లైన్ పాఠాలకి ట్రైనింగ్ అంటే బటన్లు చూపించడమేనా?

గణాంకం:
యూనివర్సిటీలో 14 ఏళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాను, అదంతా క్లాస్‌రూమ్‌లోనే. వచ్చే సెమిస్టర్ నుంచి ఒక కోర్సు పూర్తిగా ఆన్‌లైన్ అన్నారు. రెండు పూటల ట్రైనింగ్ ఇచ్చారు: ఫైళ్లు ఎక్కడ పెట్టాలి, క్విజ్ ఎలా తయారుచేయాలి, హాజరు ఎలా తీసుకోవాలి, అంతే. ఏ బటన్ ఎక్కడుందో తెలిసింది గానీ 60 మంది కెమెరాలు ఆపేసి కూర్చుంటే ఏం చేయాలో, అడిగినదానికి ఒక్కరూ పలకకపోతే ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేదు. బోర్డు దగ్గర నుంచి వెనక్కి తిరిగి మొహాలు చూస్తే ఎవరికి ఎక్కలేదో తెలిసిపోయేది నాకు, ఇప్పుడు ఆ దారే లేదు. 6 వారాల ట్రైనింగ్ ఇంకోటి ఉందట, చేరడం మన ఇష్టమట. చేసినవాళ్లుంటే చెప్పండి, అంత టైమ్ పెట్టొచ్చా? ఇంకోటి, గంట లెక్చర్‌ని గంట వీడియోగా పెట్టేస్తే సరిపోతుందా?

రాత్రిబడి:
చేరే ముందు ఒక్కటే కనుక్కోండి సర్, అందులో మీరు స్టూడెంట్‌గా కూర్చుంటారా లేదా అని. నేను చేసినది అలాంటిదే. రెండో వారంలో అసైన్‌మెంట్ గడువు దాటబెట్టేశాను, ఎందుకంటే సూచనలు కొంత ఈమెయిల్‌లో, కొంత కోర్సు పేజీలో, మిగతావి ఒక పీడీఎఫ్‌లో ఉన్నాయి. ఒళ్లు మండింది. తర్వాత నా కోర్సు తెరిచి చూసుకుంటే అదీ అచ్చం అలాగే ఉంది! అప్పటిదాకా పిల్లలే సరిగ్గా చదవరని తిట్టుకునేదాన్ని. ఇంకోసారి చర్చలో నేను రాసినదానికి నాలుగు రోజులు ఎవరూ జవాబివ్వకపోతే మళ్లీ అటువైపు వెళ్లబుద్ధి కాలేదు. ఇవి స్లైడ్లలో చూపిస్తే ఎక్కవు, పడాల్సిందే. మీ కోర్సులోనే ఒక వారం పాఠాన్ని అక్కడ తయారుచేయించి, దాని మీద ఇంకొకరు వ్యాఖ్యలు రాసే పద్ధతి ఉంటే కళ్లు మూసుకుని చేరిపోండి.

సుద్దముక్క:
వీడియో సంగతి. గంట వీడియో వద్దండీ. ఎడ్‌ఎక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన ఒక పరిశోధనలో 69 లక్షల వీక్షణలు పరిశీలించారు, వీడియో ఎంత పొడుగున్నా చూసిన సమయపు మధ్యస్థం (మీడియన్) 6 నిమిషాలు దాటలేదు. మధ్యస్థం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు లెండి. అలాగని 6 నిమిషాలే శాసనం అనీ కాదు, వాళ్లు చూసింది ఉచిత కోర్సుల్లో తమంతట తాము చేరినవాళ్లని, డిగ్రీ స్టూడెంట్ లెక్క వేరు. ఒక ఫార్ములా రాబట్టడానికి 12 నిమిషాలు పడితే పట్టనివ్వండి, మధ్యలో ఆపి ఒక చిన్న లెక్క అడగండి. సబ్‌టైటిల్స్ మాత్రం తప్పకుండా పెట్టండి.

కెమెరాలు పెట్టమని బలవంతం చేయకండి. నేను చేసేది ఏంటంటే, ఒక గ్రాఫ్ చూపించి "సగటు ఎంతుంటుందో చాట్‌లో టైప్ చేయండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కకండి" అంటాను. నిమిషం ఆగి నొక్కమంటే 60 జవాబులు ఒక్కసారిగా పడతాయి. పక్కవాడిని చూసి రాసే వీలుండదు, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో తెలుస్తుంది. మీరు మొహాల్లో చూసుకునేది ఇక్కడ చాట్‌లో చూసుకోవాలి, అంతే తేడా.

మూడోబెంచీ:
అందరూ మంచివే చెప్పారు, ఈ 6 వారాల పని ఎవరి ఖాతాలో రాస్తారో కూడా అడగండి. మా దగ్గర రాత్రిళ్లూ ఆదివారాలూ కూర్చుని చేశాం, పనిగంటల్లో ఒక్క గంట తగ్గించలేదు. చివర సర్టిఫికెట్. ఇంకోటి, క్వాలిటీ మేటర్స్ లాంటి ప్రమాణాలు పట్టుకుని కోర్సు బాగుందని ముద్ర వేస్తారు చూడండి, అవి చూసేది కోర్సు ఎలా కట్టారన్నది, మీరు ఎలా చెబుతున్నారన్నది కాదు. ఆ ముద్రపడిన కోర్సుల్లో కూడా వారాల తరబడి కనిపించని మేస్టార్లని చూశాను.

గణాంకం:
థాంక్స్ అందరికీ. చేరుతున్నాను, కానీ ముందు పనిగంటల విషయం రాసిమ్మని అడిగి చేరుతున్నాను. రాత్రిబడి మేడమ్ మాట విని నిన్న మా డిపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన్ని నా కోర్సులోకి స్టూడెంట్‌గా చేర్చి మొదటి వారం చూడమన్నాను. పది నిమిషాలకే ఫోన్ చేశారు, "ఇంతకీ హోమ్‌వర్క్ ఎక్కడ ఇవ్వాలయ్యా?"