రాత్రిపూట ఏ లైను పోతోందో కమాండ్ లైన్‌లో పట్టుకోవడం ఎలా?

చెరువుగట్టు:
భీమవరం దగ్గర మాకు రెండు వనామి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీది షెడ్డులో బ్యాటరీ మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న లినక్స్ కంప్యూటర్ పెట్టి, కేబులుతో రౌటరుకు కలిపాను. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు చదివి నా ఫోనుకు పంపుతుంది. తెల్లవారేలోపే ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, సరిగ్గా ఆ వేళకే నెట్ మాయం! టార్చి పట్టుకుని వెళ్లేసరికి ఏమీ ఎరగనట్టు వెలుగుతూ ఉంటుంది. నిమిషానికోసారి నెట్ ఉందో లేదో అడిగి చూసే పింగ్ పెట్టాను. పోయిందని చెప్పింది గానీ పోయింది కేబులా, రౌటరా, బయటి లైనా అన్నది చెప్పలేదు. అక్కడ తెర లేదు, కమాండ్ లైనే దిక్కు.

నల్లతెర:
పింగ్‌ను పక్కన పెట్టండి. ‘ఐపీ మానిటర్ లింక్’ నడపండి. అది మాటిమాటికీ అడగదు, కేబులు లింకు మారిన క్షణాన లినక్స్ గుండెకాయ అయిన కర్నెలే నెట్‌లింక్ అనే లోపలి దారిలో కబురు పంపుతుంది. ‘ఐపీ’ పక్కన ‘-టీఎస్’ చేరిస్తే సమయం కూడా పడుతుంది. ఫైలులోకి మళ్లించి, మనం లాగౌట్ అయినా కమాండ్‌ను నడిపిస్తూ ఉండే టీమక్స్‌లో వదిలేసి పడుకోండి. పొద్దున చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ‘యూపీ’ అంటే ఇంటర్‌ఫేస్‌ను మనం ఆన్ చేసి ఉంచామని మాత్రమే. అవతలి కొస బతికి ఉందని చెప్పేది ‘లోయర్_యూపీ’. అది పోయి ‘నో-క్యారియర్’ కనిపిస్తే తప్పు కేబులుదో రౌటరుదో.

కొబ్బరితోట:
బయటి లైను మాత్రమే పోతే ఐపీ మానిటర్ నోరు మెదపదండీ. మీ పైలో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే దాని కమాండ్ ‘ఎన్ఎంసీఎల్ఐ మానిటర్’ కూడా నడపండి. బయటి నెట్ అందుతోందో లేదో చూసే కనెక్టివిటీ తనిఖీ పెట్టుకుని ఉంటే, అందనప్పుడు ‘లిమిటెడ్’ అని చూపిస్తుంది. ఆ తనిఖీ మామూలుగా 300 సెకన్లకోసారి, అందుకని సరైన నిమిషం దాన్ని అడగకండి. ఇంతకీ నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్నింటికి వేస్తారు?

చెరువుగట్టు:
కొబ్బరితోట గారూ, మీ నోట్లో చక్కెర పోయాలి! ఫైలులో మూడు రాత్రులూ ఒకటే వరస. రెండు దాటిన ఐదారు నిమిషాలకు ‘నో-క్యారియర్’, అర నిమిషంలో మళ్లీ ‘లోయర్_యూపీ’. మా కాపలా మనిషి అప్పుడే నాలుగు ఏరియేటర్లకూ వరసగా స్టార్టర్లు నొక్కేస్తున్నాడు. ఓల్టేజీ కుంగి రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతోంది, బయటి లైను కుదురుకోవడానికి ఇంకాసేపు. బ్యాటరీ మీదున్న రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

రౌటర్‌నూ బ్యాటరీకి కలిపాను, మోటారుకూ మోటారుకూ మధ్య నిమిషం ఆగమన్నాను. ‘సిస్/క్లాస్/నెట్’ కింద కేబులు ఇంటర్‌ఫేస్ ఈథ్0లో, లింకు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టే ‘క్యారియర్_ఛేంజెస్’ అంకె నిన్న పడుకునేముందు 46, పొద్దునా 46. కాపలా మనిషికే నా మీద కోపం. నిమిషం చొప్పున ఆగుతూ దోమల్లో నిలబడాల్సింది తనేనట.