కళ్లెం బిగిస్తే మెడ వంగుతుందా, వదిలితే వంగుతుందా?

కోవూరు సవారీ:
నెల్లూరు పక్కన కోవూరు మాది. మూడు నెలల క్రితం ఆరేళ్ల ఆడగుర్రాన్ని కొన్నాను. అంతకుముందు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగింది. నెమ్మదైనది, కరవదు, తన్నదు. బాధంతా నోటితోనే. పగ్గం కాస్త లాగితే చాలు, నోరు తెరిచి తల పైకి విసురుతుంది. ఎడమకు ఏదో కొంత తిరుగుతుంది గానీ, కుడికి తిప్పబోతే మెడ కొయ్యలా బిగుసుకుపోతుంది. అమ్మినాయన్ని అడిగితే, "ముళ్ల కళ్లెం వెయ్యి, పగ్గాలు నడుం పట్టీకి బిగించి కట్టు, రోజూ గంటసేపు అట్నే నిలబెట్టు, పది రోజుల్లో నోరు మెత్తబడుతుంది" అన్నాడు. ఇంకో ఆయన రోజుకు యాభై సార్లు మెడ అటూ ఇటూ వంచమన్నాడు. నాకు రెండూ మనసుకు పట్టలేదు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

కావలి బరాత్:
అన్నా, మా నాయన కాలం నుంచి పెళ్లిళ్లకు గుర్రాలు పంపుతున్నాం. బ్యాండు, డీజే, కాళ్ల దగ్గర టపాసులు, ముందర చిన్నపిల్లల డ్యాన్సులు, పైన ఎప్పుడూ గుర్రం ఎక్కని పెళ్లికొడుకు. ఆ సందడిలో అది తల ఎగరేసి ముందుకాళ్లు లేపిందంటే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. కట్టి నేర్పిన గుర్రం మెడ విల్లులా వంచి నడుస్తుంది, మన చేతిలో ఉంటుంది. ముళ్ల కళ్లెం నేను వెయ్యను, అది తప్పే. కట్టి నేర్పడంలో మాత్రం నాకు తప్పు కనిపించలేదు.

మైపాడు ఇసుక:
కావలి తమ్ముడూ, ఊరేగింపులో మీ టెన్షన్ నాకు తెలుసు. ముళ్ల కళ్లెం వద్దన్నందుకు సంతోషం. ముళ్లున్న కళ్లెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. కానీ కట్టడం దగ్గర మీతో ఒప్పుకోలేను.

కళ్లెం కడ్డీ నోట్లో కూర్చునే చోటు చూడండి. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. అక్కడ పల్చటి చిగుళ్లు, వాటి కిందే ఎముక. కండ ఉండదు. మీ మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకోండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది. మనిషి చేతిలో పగ్గం ఉంటే, గుర్రం మాట వినగానే వదలొచ్చు. పట్టీకి కట్టిన పగ్గం, అది ఎంత వంగినా తనంతట తాను వదలదు. అందుకని గుర్రం కడ్డీని తప్పించుకోవడం నేర్చుకుంటుంది, గడ్డం తీసుకెళ్లి ఛాతీకి ఆనిస్తుంది. చూసేవాళ్లకు అందంగా వంచినట్టుంటుంది. కానీ గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. మెడ అంతగా ముడిస్తే గొంతు దగ్గర గాలి దారి ఇరుకవుతుంది, ఎదురుగా ఏముందో కూడా సరిగ్గా కనపడదు. ముందు దారి కనపడని గుర్రాన్ని పిల్లల మధ్యలోకి తీసుకెళ్తున్నామా? డ్రెస్సేజ్ అనే గుర్రపు నడకల పోటీకి ఉన్న అంతర్జాతీయ నియమాల్లో కూడా నడినెత్తి ఎత్తుగా, ముక్కు నిలువు గీతకు కాస్త ముందుకే ఉండాలంటారు.

నా గుర్రానికీ ఇదే జబ్బు ఉండేది. తెల్లవారుజామున తీరంలో నిలబెట్టి, కుడి పగ్గం కాస్త దగ్గరకు తీసుకుని, చెయ్యి తొడకు ఆనించి అలాగే ఉంచాను. లాగలేదు. ఎడమ పగ్గం వదులుగా ఉంది. మొదట అది ఎదురు లాగింది, తర్వాత ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. నా చెయ్యి కదల్లేదు. నిమిషం పైనే పట్టింది. ముందు ఒక చెవి నా వైపు తిరిగింది, తర్వాత ముక్కు ఒక్క అంగుళం పక్కకు వచ్చింది. అప్పటికప్పుడు పగ్గం జారవిడిచాను. తల దించి పెదవులు నాక్కుంది. మూడోసారికి నా వేళ్లు ముడుచుకుంటుండగానే ముక్కు వచ్చేసింది. ఇక అడక్కుండా దిగేశాను. వదలడం ఆలస్యమైతే ఆ అంగుళం ఎందుకిచ్చిందో దానికి అర్థం కాదు. అందుకే గంటసేపు కట్టేయడంతో ఏ పాఠమూ రాదని అంటున్నాను.

చీమకుర్తి గిత్త:
నాకు గుర్రాలు తెలియవు, ఒంగోలు ఎడ్లు తెలుసు. కోడెకు ముకుతాడు కుట్టింది మొదలు దాన్నే పట్టి గుంజేవాడి దగ్గర, ఏడాది తిరిగేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత ఇద్దరు వేలాడినా లెక్కచెయ్యదు. మా నాయన పగ్గాన్ని రెండు వేళ్లతో పట్టుకునేవాడు. మైపాడు అమ్మ చెప్పింది నాకు వెంటనే అర్థమైంది.

పశువుల ఆసుపత్రి:
నేర్పడం తర్వాత సంగతి, ముందు నోరు చూపించారా? గుర్రం దవడపళ్లు ఏళ్ల తరబడి పైకి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. పైవాటికి బయటి అంచున, కిందివాటికి లోపలి అంచున వాడి కొనలు తేలతాయి, బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. కొన్నిటికి దవడపళ్ల ముందు బుల్లి పన్ను ఒకటి ఉంటుంది, కడ్డీ దానికి తగిలితే ప్రాణం లేచిపోతుంది. ఒక పక్కకే మొండికేస్తోందంటే నేను ముందు అనుమానించేది అదే. ఆకురాయితో అరగదీస్తే సరిపోయే కేసులు చాలా ఉంటాయి.

బుచ్చి రైడర్:
అక్కా, మీ మాటకు ఒక అడ్డు. నేనూ ఇలాగే నిలబెట్టి వంచాను, నెలల తరబడి. చివరికి మెడ రబ్బరైపోయింది. ముక్కు నా మోకాలి దగ్గర ఉంటే, భుజాలు మాత్రం నేరుగా వరిమడిలోకి నడిచాయి! అసలు మెత్తదనం వెనక కాలి నుంచి రావాలి. మెడ ఒక్కదాన్నే వంచితే వచ్చేదేమీ లేదు.

మైపాడు ఇసుక:
బుచ్చి రైడర్ చెప్పింది నిజం, నేను రాయాల్సింది మర్చిపోయాను. నిలబెట్టి వంచడం ఒక్కో పక్కకు మూడుసార్లు చాలు. యాభై ఎప్పుడూ వద్దు. తర్వాత నడకలో పెద్ద వలయం తిప్పాలి. లోపలి వెనక కాలు పొట్ట కిందికి అడుగేసినప్పుడే పగ్గం వదలాలి. అప్పుడు మెడతో పాటు ఒళ్లంతా వంగుతుంది. లోతు ఇసుకలో చేస్తే కాళ్ల నరాలు పట్టేస్తాయి, తడి గట్టి ఇసుక వెతుక్కోండి. పరుగులో ఉన్నప్పుడు ఒక్క పగ్గం గుంజి ఆపబోతే గుర్రమూ మీరూ కలిసి పడతారు, అది చెయ్యొద్దు.

కావలి బరాత్:
అక్కా, కట్టడం ఈ రోజుతో మానేస్తానని చెప్పలేను. సీజన్లో మాకు అంత తీరిక ఉండదు. మూఢంలో పెళ్లిళ్లు లేవు కాబట్టి ఒక గుర్రంతో మీరన్నట్టు చేసి చూస్తాను. గాలి సంగతి, చూపు సంగతి మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కోవూరు సవారీ:
అందరికీ థాంక్స్. నోరు చూపించాను. కుడి పక్క పైపళ్ల కొనలు కత్తుల్లా ఉన్నాయి, బుగ్గ లోపల పుండు కనిపించింది. మూడు నెలలుగా ఆ పుండు మీదే పగ్గం లాగుతున్నానని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పళ్లు అరగదీయించి, పుండు మానేదాకా కళ్లెమే వెయ్యలేదు, తలతాడుతో నడిపించాను. నిన్న నున్నటి కడ్డీ వేసి కుడి పగ్గం పట్టుకుని ఆగాను. చాలాసేపు బిగదీసుకుంది. తర్వాత ముక్కు వచ్చింది, వదిలాను. నడకలో వలయం ఎన్ని రోజులాగి మొదలుపెట్టాలో చెప్పండి అక్కా.