రౌండ్స్‌లో పేషెంట్‌తో, ఇంటివాళ్ళతో మాట్లాడటం: మీ వార్డుల్లో ఏం పనిచేసింది?

మెడిసిన్_ఎస్సార్
మాది టీచింగ్ హాస్పిటల్. పొద్దున్నే చీఫ్, అసిస్టెంట్లు, పీజీలు (ఎండీ, ఎంఎస్ చదువుతున్న డాక్టర్లు), హౌస్ సర్జన్లు అందరం మంచం చుట్టూ చేరతాం. కేసు ఇంగ్లీషులో నడుస్తుంది, పేషెంట్ మా మొహాలు చూస్తూ ఉంటాడు. అప్పటికే సెక్యూరిటీ వాళ్ళు అటెండర్లను బయటికి పంపేసి ఉంటారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఒక్కో అటెండరూ కనిపించిన పీజీనల్లా ఆపి అదే ప్రశ్న అడుగుతాడు. ఒక్కొక్కరి నుంచి ఒక్కో జవాబు. దీన్ని మా యూనిట్‌లో మార్చాలని అనుకుంటున్నాం. మీ అనుభవాలు చెప్పండి.

నాన్నతో_వార్డులో
నేను డాక్టర్ని కాదండీ, పేషెంట్ కూతుర్ని. కిడ్నీ ఇబ్బందితో నాన్నను చేర్చాం. రౌండ్స్‌లో అంతసేపు మాట్లాడినదాంట్లో మాకు అర్థమైంది "డయాలసిస్" అన్న ఒక్క మాటే. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం డ్యూటీ సిస్టర్ కేస్ షీట్ చూసి, "క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) దిగుతోంది, డయాలసిస్ అక్కర్లేదు అని రాశారమ్మా" అన్నారు. అంత మంచి కబురు పక్కనే నిలబడి చెప్పుకున్నారు, మాకు మాత్రం చేరలేదు! పక్క మంచానికి కదిలే ముందు ఒక్క నిమిషం తెలుగులో చెప్పండి: ఈరోజు ఏం చేస్తారు, ఏ రిపోర్టు రావాలి, మేం దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పైన అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. సర్జరీ వార్డులో ఇంకోటి చూస్తాం. అర్ధరాత్రి నుంచి నోటికి ఏమీ ఇవ్వొద్దని రాస్తారు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టులో కేసు వెనక్కి పోతుంది, ఆ సంగతి వార్డుకు ఎవరూ ఫోన్ చేయరు. పెదాలెండిపోయిన పెద్దాయన "చుక్క నీళ్ళన్నా ఇవ్వమ్మా" అని అడుగుతుంటే ఇవ్వాలో వద్దో నాకూ తెలీదు. షుగర్ పేషెంటైతే ఇంకా భయం. అందుకే రౌండ్స్‌లో సిస్టర్ తప్పకుండా ఉండాలి. మా పాత యూనిట్‌లో మేడం ప్రతి మంచం దగ్గరా "సిస్టర్, మీరేమైనా చెప్పాలా?" అని అడిగేవారు. రాత్రంతా పేషెంట్‌ను చూసింది మేమే కదండీ.

డెట్రాయిట్_పిల్లల_డాక్టర్
అమెరికాలో పిల్లల వార్డుల్లో చాలాచోట్ల రౌండ్స్ తల్లిదండ్రుల ముందే జరుగుతాయి. ముందు వాళ్ళనే అడుగుతాం: రాత్రి ఎలా ఉంది, మీకేం దిగులుగా ఉంది అని. ఉత్తర అమెరికాలోని 7 ఆసుపత్రుల్లో ఇలా ఒక పద్ధతి ప్రకారం చేసి చూశారు. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. మొత్తం పొరపాట్ల సంఖ్య పెద్దగా మారలేదు గానీ, పిల్లలకు హాని చేసినవి సుమారు 38 శాతం తగ్గాయి. రౌండ్స్ సమయం కూడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. "వీడికి ఆ మందు పడదు" అని అమ్మ అక్కడికక్కడే చెప్పగలగడం చిన్న విషయం కాదు.

సర్జరీ_పీజీ
వినడానికి బాగుందన్నా. మా వార్డులో మంచాలు నిండి కింద కూడా పేషెంట్లుంటారు. ఓపీ, ఓటీ మాకోసం ఆగవు. అందరి ఇంటివాళ్ళతో ఎప్పుడు మాట్లాడతాం?

మెడిసిన్_ఎస్సార్
తమ్ముడూ, అందరితో అందరూ మాట్లాడక్కర్లేదు. ఒక్కో మంచానికి ఒక్కరు. "ఈరోజు మిమ్మల్ని చూసేది నేను, ఏదున్నా నన్నే అడగండి" అని పేషెంట్‌కు చెప్పేయాలి. ఇంటివాళ్ళలోనూ ఒకరినే ఎంచుకోమనాలి, మిగతావాళ్ళకు వాళ్ళు చెప్పుకుంటారు. మధ్యాహ్నం దాకా చెప్పిందే చెబుతూ ఉండే బాధ తప్పి సమయం మిగులుతుంది.

ఏఆర్టీ_కౌన్సిలర్
ఒక జాగ్రత్త. ఇంటివాళ్ళను పిలిచే ముందు పేషెంట్‌ను విడిగా అడగండి. హెచ్ఐవీ సంగతి అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదని 2017 చట్టమే ఉంది. టీబీ, గర్భం లాంటివీ పక్క మంచానికి వినబడేలా మాట్లాడొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
డిశ్చార్జి రోజు "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ తలూపుతారు. ఇన్సులిన్ పెన్ చేతికిచ్చి "ఇంట్లో ఎలా వేస్తారో చూపించండి" అనండి. మూత తీయకుండానే పొట్టకు ఆనించినవాళ్ళను చూశాను.

మెడిసిన్_ఎస్సార్
సోమవారం ఆడవాళ్ళ వార్డుతో మొదలుపెడుతున్నాం. రౌండ్స్ టైమ్ తెలుగులో రాసి గుమ్మం దగ్గర అంటిస్తాం, ఆ వేళకు మంచానికో అటెండర్ని లోపల ఉండనివ్వమని సెక్యూరిటీకి చెప్పాం. సిస్టర్ గారూ, కేస్ షీట్ మీద ఏ పీజీ చూస్తున్నారో ఎక్కడ రాస్తే మీకు వెంటనే కనబడుతుంది?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మొదటి పేజీలో పైన, ఫోన్ నంబర్‌తో. రాత్రి డ్యూటీ డాక్టర్ పేరు కూడా.